వలస యింటి బిడ్డ, బెదిరిన మెదడు

సాలుకు కురియు వాన సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే యగు ఈ అనంతపురపు మెట్టసీమలో, శెనక్కాయ చేతికి రాని యేడు పల్లెలకు మిగులు దారి యొక్కటే, వలస. తలుపుల, కదిరి, తనకల్లు, నంబులపూలకుంట ప్రాంతముల నుండి బెంగుళూరు కట్టడపు పనులకును, కేరళకును సంసారములు తరలిపోవుట ఇచ్చటివారికి క్రొత్త వార్త కాదు. ఆ తరలిపోవుటలో ఒక ఆచారము కలదు. బిడ్డ నిద్రలో నుండగనే తల్లి బస్సెక్కును. "చూస్తే వదలడు, ఏడ్చి ఏడ్చి జరం తెచ్చుకుంటాడు" అని అవ్వ చెప్పును. తెల్లవారి బిడ్డ లేచి అమ్మ యేదని యడిగినప్పుడు "సంతకు పోయిందిలే నాయనా, బొరుగులు తెస్తాది" అని సముదాయించుదురు. ఆ సంత మూడు నెలలకు గాని, ఆరు నెలలకు గాని ముగియదు. అట్టి ఉదయమునను, అంతకంటె కఠినమైన ఉదయములందును బిడ్డ మెదడులో ఏమి జరుగునో, దానిని తెలిసికొనిన ఇంటివారు ఏమి చేయవచ్చునో చెప్పుటకే ఈ అధ్యాయము.

వలస పోవు తల్లిదండ్రులను దోషులుగా నిలువబెట్టుట నా యుద్దేశము కాదు. పొయ్యి వెలుగని యింట తల్లి ప్రక్కనే యుండినంత మాత్రమున బిడ్డకు మేలు కలుగునని యెవరు చెప్పగలరు? ఆకలియు, అప్పిచ్చినవాని కేకయు, తాగి వచ్చిన తండ్రి రాత్రివేళ చేయు రభసయు మెదడును గాయపరచునవియే. ఎడబాటు తప్పనిది కావచ్చును. దానిని జరుపు తీరు మన చేతిలోనిది.

పుట్టిన బిడ్డ మెదడు బరువు పెద్దవాని మెదడులో ఇంచుమించు నాలుగవ వంతు. అయిదారేండ్ల ప్రాయమునకు అది నూటికి 90 వంతుల పెరుగుదలను ముగించును. ఈ స్వల్పకాలమున నాడీకణముల నడుమ సంబంధములు లెక్కకు మించి పుట్టి, వాడుకలో నున్నవి బలపడుచు, వాడుక లేనివి రాలిపోవుచు నుండును. వేనిని వాడుకలో నుంచవలెనో నిర్ణయించునది బిడ్డ పెరుగు నిల్లు. బిడ్డ "ఊఁ" యనగా తల్లి "ఊఁ" యని బదులు పలుకుట, ఏడ్చినప్పుడు ఎత్తుకొనుట, ఆకలికి పాలు, నిద్రకు జోల, ఇట్టి వేలకొలది చిన్న బదులుల వలన, పిలిచిన పలుకువారు కలరను నమ్మకము మాటలు రాకమునుపే నరములయందు రూపు గట్టుకొనును. పిలిచినను ఎవరును పలుకని యింట, లేక పలికినవారే చేయి చేసికొను నింట, దానికి విరుద్ధమైన నమ్మకము అంతే బలముగ రూపు గట్టుకొనును. రెండిండ్లయందును మెదడు తన పనిని చక్కగనే నెరవేర్చినది. తాను పుట్టిన లోకమునకు తగినట్లు తన్ను తాను మలచుకొనినది. "వీడు పుట్టుకతోనే మొండి" యను మాటను వినినప్పుడెల్ల ఈ సంగతి నాకు జ్ఞప్తికి వచ్చును; పుట్టుకతో వచ్చినదెంతయో, పుట్టిన పిదప నేర్చినదెంతయో ఆ మాట అన్నవారు విచారించి యుండరు.

మెదడు లోతున ఇరుప్రక్కల అమిగ్డాలా అను చిన్న భాగములు గలవు. ఆపదను పసిగట్టుట వాని ముఖ్య కార్యములలో నొకటి. అడవిపందుల మంద ఒక్క రాత్రిలో శెనక్కాయ చేనిని దున్నివేసి పోయిన తరువాత, ఆ చేని కావలివాడు ఆకు కదలినను లేచి కేక వేయును. పంది రాని రాత్రులందును వానికి కునుకు పట్టదు, పగటి పని సాగదు. పదే పదే బెదిరిన బిడ్డయందు అమిగ్డాలా పని అట్టిది. అది కేక వేసిన తోడనే హైపోథాలమస్ నుండి పిట్యూటరీ గ్రంథికిని, అచ్చట నుండి మూత్రపిండముల పైనున్న అడ్రినల్ గ్రంథులకును ఆజ్ఞలు పోవును. అడ్రినలిన్, కార్టిసోల్ అను రసములు రక్తమున చేరును. గుండె వేగము హెచ్చును, కండరములు బిగియును, ఆకలి మందగించును. కుక్క తరుముచున్నప్పుడు ఇది ప్రాణరక్షకము. కుక్క తొలగిపోయి బిడ్డ తనవారి ఒడి చేరగానే కార్టిసోల్ మరల దిగివచ్చును, ఇట్టి చిన్న భయములు హాని చేయక పోగా నిబ్బరమును నేర్పును. హాని యెప్పుడనగా, భయము దినదినమును వచ్చునదై, ఎప్పుడు వచ్చునో తెలియనిదై, వచ్చినప్పుడు చేరుటకు ఒడి లేనిదై, లేక ఆ ఒడియే భయహేతువై యుండునప్పుడు. అప్పుడు ఆ రసములు దిగవలసిన వేళ దిగక, పెరుగుచున్న మెదడును నిత్యము తడుపుచుండును.

1968లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున బ్రూస్ మెకీవెన్ అను శాస్త్రజ్ఞుడు, ఎలుకలయందు కార్టిసోల్ జాతి హార్మోను హిప్పోక్యాంపస్ అను భాగమున విశేషముగ పోయి చేరుచున్నదని కనుగొనెను. క్రొత్త పాఠమును నిలుపుకొనుటకును, జరిగినదానిని కాలక్రమమున కూర్చి "అది నిన్న, ఇది నేడు" అని తెలిసికొనుటకును ఆ భాగమే ఆధారము. నుదుటి వెనుక నుండు ప్రీఫ్రంటల్ కార్టెక్స్, ఆవేశమును నిలిపి ఆలోచించు భాగము, ఇంచుమించు 25 ఏండ్ల వరకు పరిపక్వమగుచునే యుండును గనుక, దీర్ఘకాలపు భయమునకు అదియు లోనగును. మూడేండ్లలోపు జరిగినదానిని బిడ్డ పెద్దయైన పిదప కథగా చెప్పజాలడు. హిప్పోక్యాంపస్ అప్పటికి ఇంకను లేతది. అయినను అమిగ్డాలా అంతకు ముందే పనిలో నుండును గనుక, కథ లేకున్నను భయము శరీరమున నిలిచియుండును. "వానికేం తెలుస్తాది, చంటిపిల్లోడు" అను ఊరడింపు పెద్దల కుపయోగించునేమో గాని, శిశువు విషయమున నిజము కాదు.

తరగతి గదిలో ఇది యెట్లు కనబడును? విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు చెందిన సెత్ పొల్లాక్ అను మనస్తత్త్వవేత్త, దెబ్బలు తిని పెరిగిన పిల్లలకు మనుష్యుల ముఖచిత్రములను మసకగా మొదలిడి క్రమముగ స్పష్టపరచుచు చూపగా, కోపముతో నున్న ముఖమును వారు తక్కిన పిల్లలకంటె ముందుగనే గుర్తించిరి. అనగా ఆ పిల్లలు చదువులో మందమతులని మనము తలంచుచున్న కాలముననే, మనుష్యుల ముఖమును చదువుటలో వారు మనకంటె ప్రవీణులు. అయ్యవారు నల్లబల్లపై వ్రాయుచున్నది వారి కంటికి ఆనదు. ఆయన కనుబొమ ముడి ఆనును. తోటివాడు నడచుచు భుజము తాకినచో అది దాడియని తలంచి తిరుగబడుదురు. మందలించినచో కొందరు పెచ్చరిల్లుదురు, కొందరు రాయివలె బిగిసి పలుకకుందురు. ఏడెనిమిదేండ్ల ప్రాయమున పక్క తడుపుట మరల మొదలగుట, కారణము లేని కడుపునొప్పి, నిద్రలో ఉలికిపాటు, పరిచయము లేనివారిని సైతము పట్టుకొని వ్రేలాడుట, ఇవియు ఆ కోవలోనివే. ఇట్టి బిడ్డను బెత్తముతో దారికి తేజూచుట యనగా, అతని మెదడు పడుచున్న అనుమానమును నిజమని ఋజువు చేయుట. బడియందు శారీరక దండనమును, మానసిక హింసను 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగము నిషేధించియే యున్నది. చట్టమును బెత్తమును ఒకే బల్లపై నుంచుకొనిన బడులు ఇంకను లేకపోలేదు.

ఇంటివారు ఈ లక్షణములను చూచి "దడుపు" అందురు. తాయెత్తు కట్టింతురు, దిష్టి తీయుదురు, అంత్రము వేయింతురు. దీనితో నాకు పెద్ద తగవు లేదు. అవ్వ బిడ్డను ఎదుట కూర్చుండబెట్టుకొని, ఉప్పు మిరపకాయలు త్రిప్పి, తల నిమిరి, "పోయిందిలే, ఇంక రాదులే" యని మెల్లగా పలుకుచున్న ఆ కొద్ది సేపున, బిడ్డకు కావలసిన మందు కొంత అందుచునే యున్నది. అది మిరపకాయ మహిమ కాదని నాకును, బహుశః అవ్వకును తెలియును. అయితే వాత పెట్టుట, పొగలో తల యుంచుట, కొట్టి దయ్యమును వదలగొట్టుట మాత్రము క్షమింపరానివి. బెదిరినదానికి చికిత్సగా మరియొక బెదురు ఏ శాస్త్రమునను లేదు.

చెడినది మరల బాగుపడునా యని తల్లులు అడుగుదురు. రుమేనియా దేశమున 1989 డిసెంబరులో చౌసెస్కు పాలన కూలిన పిదప, అచ్చటి శిశుశాలల దుస్థితి లోకమునకు తెలిసినది: తిండియు పక్కయు నున్నవి, ఎత్తుకొనుటకు మనుష్యులు లేరు. చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అను పరిశోధకులు బుకారెస్టు నగరమున 136 మంది శిశువులను తీసికొని, చీటీ వేసినట్లు సగము మందిని ఏర్పరచి పెంపుడు కుటుంబములకు పంపి, యేండ్ల తరబడి పరిశీలించిరి. కుటుంబములకు చేరినవారు బుద్ధియందును, మనుష్యులతో ముడిపడుటయందును కోలుకొనిరి. రెండేండ్ల ప్రాయమునకు మునుపే చేరినవారు పెక్కు విషయములలో ఇంకను మేలుగ కోలుకొనిరి. మాంట్రియల్ నగరపు మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున మైకేల్ మీనీ బృందము 1997లో ప్రకటించిన పరిశోధన ఎలుకలను గూర్చినది: పిల్లలను బాగుగ నాకి సాకు తల్లి యొద్ద పెరిగిన పిల్లలు పెద్దవైన పిదప కష్టమునకు తక్కువగ కలత చెందినవి, అంతకంటె విశేషము, తరువాతి ప్రయోగములలో నాకని తల్లికి పుట్టినదానిని నాకు తల్లి యొద్ద పెంచగా అదియు నిబ్బరముగనే పెరిగినది. కన్నది యెవరన్న దానికంటె పెంచినది యెవరన్నది అచ్చట ముఖ్యమైనది. మనుమని పెంచుచున్న అవ్వలు ఈ యొక్క ఫలితమును గుర్తుంచుకొనినచో చాలును.

1955లో హవాయి దీవులలోని కవాయియందు పుట్టిన 698 మంది శిశువులను ఎమ్మీ వెర్నర్ దశాబ్దుల పాటు వెంబడించెను. దారిద్ర్యము, ఇంటి కలహము మొదలగు పలు కష్టములు కలసి చుట్టుముట్టిన పిల్లలలో మూడింట ఒకవంతు సమర్థులైన పెద్దలుగ ఎదిగిరి. వారి జీవితములలో ఆమెకు మరల మరల కనబడినది, తల్లిదండ్రులు కాకపోయినను, అవ్వయో, అత్తయో, అక్కయో, పంతులమ్మయో, స్థిరముగ నిలిచిన ఒక పెద్ద. ఇట్లని ఉపేక్షకు తావు లేదు. 1998లో అమెరికాలోని శాన్‌డియాగో నుండి విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ అండా ప్రకటించిన పరిశీలన, చిన్ననాట నాలుగు గాని అంతకు మించి గాని విధములైన కష్టములను చవిచూచినవారియందు తాగుడు, కుంగుబాటు, ఆత్మహత్యా ప్రయత్నము అనేక రెట్లు హెచ్చని తెలిపినది. ఆ లెక్క జనసమూహమును గూర్చి చెప్పునది. ఎదుటనున్న ఒక్క బిడ్డ జాతకమును చెప్పునది కాదు. "నాకు నాలుగు పడినవి, నా బ్రతుకింతే" యని వ్రేళ్లు మడచి నిరాశ చెందువారు దానిని తప్పుగ చదివినవారు.

ఇక చేయవలసినది. బిడ్డ నిద్రలో నుండగా బయలుదేరుట మానవలెను. మెలకువతో నున్నప్పుడు, పగటివేళ, చెప్పి పోవలెను. ఏడ్చును, ఏడ్వనిండు. ఎదుట వీడ్కోలు పలికిన తల్లి కొరకు ఏడ్చు ఏడ్పు కొంతసేపటికి, కొన్ని దినములకు తగ్గును. చెప్పక పోయిన తల్లి కొరకు బిడ్డ ఏడ్పు మానివేసినను నిద్రకు భయపడును, ఏలయనగా కన్ను మూసినప్పుడు మనుష్యులు మాయమగుదురని అతడు నేర్చుకొనినాడు. ఆ తరువాత అవ్వ బావికి పోయినను కొంగు విడువడు. నెలల లెక్క అయిదేండ్లవానికి తెలియదు గనుక పండుగల లెక్క చెప్పవలెను: "సంక్రాంతికి రాను, శివరాత్రికి రాను, కదిరి తేరుకు వస్తా." తేరునకు రాగలనను నిశ్చయము లేనిచో తేరు పేరెత్తక, ఉగాది యనియో, ముంగారు వానలకనియో, తప్పక నిలుపుకొనగల గడువునే చెప్పవలెను. ఇంటిలో ఒక చెంబు పెట్టి ప్రతి రాత్రియు ఒక చింతగింజ వేయించినచో, రానున్న దినము కంటికి కనబడును. తల్లి కట్టి విడిచిన పాత చీర నొకదానిని ఉతుకక బిడ్డ పక్కలో నుంచుట కూడ వెర్రిపని కాదు. వాసన పసిమెదడునకు మాటకంటె ముందు చేరును.

ఫోను ఎప్పుడు వీలైన అప్పుడు గాక, కూలి ముగిసిన పిమ్మట ఒకే వేళకు చేయుట మేలు. అయిదు నిమిషములైనను దినమును తప్పనిది, ఆదివారమున గంటసేపు మాటలాడుటకంటె మెరుగు. ఆ అయిదు నిమిషములను "బాగ చదువుకుంటాండావా, అవ్వ మాట ఇంటాండావా" యను విచారణతో నింపివేయక, ఏమి తిన్నాడో, మేకపిల్ల ఏమి చేసినదో అడుగవలెను. అవ్వలు "అల్లరి చేస్తే మీ అమ్మ ఇంక రాదు" అని బెదరించుట కద్దు. బిడ్డ పెంపకమున నాకు తెలిసిన మాటలలో ఇంత చేటు చేయు మాట అరుదు. వేళకు సంగటి, వేళకు స్నానము, ఒకే చోట పడక, పడకకు ముందు ఒక కథ, ఇవి దారిద్ర్యములోను నడుపదగినవి; తరువాత ఏమి జరుగునో తెలిసియున్న దినము, ఉలిక్కిపడు మెదడునకు ఏ ఉపదేశముకంటెను ఎక్కువ నెమ్మదిని ఇచ్చును. అవ్వ తానే అలసినదై, మోకాళ్ల నొప్పులతో, ముగ్గురు మనుమలను సాకుచున్నదనియు మరువరాదు. ఆమెకు పంపు డబ్బులో ఆమె మందునకు వేరుగ కొంత చేర్చుట కూడ బిడ్డ మెదడునకు చేయు సేవయే.

అప్పుల వలన రైతు ప్రాణము తీసికొనిన యిండ్లు ఈ సీమలో కలవు. ధర్మవరపు మగ్గముల యిండ్లలోను ఆ విషాదము లేకపోలేదు. అచ్చట పిల్లలకు "నాయన ఊరికి పోయినాడు" అని చెప్పుదురు. బిడ్డ నమ్మడు, పెద్దల ముఖములను చదువుటలో అతని నేర్పు ఎంతటిదో మునుపే చెప్పితిని. నమ్మక, అడుగనేరక, చిన్నపిల్లలు సహజముగ చేయునట్లు తనయందే కారణమును వెదకుకొనును: తాను పలక అడిగినందువలన, తాను మాట విననందువలన. కావున నమ్మకమైన పెద్ద ఒకరు, దగ్గర కూర్చుండబెట్టుకొని, తక్కువ మాటలలో చెప్పవలెను: "నాయన చనిపోయినాడు. ఇంక రాడు. అది నీ వల్ల కాదు. నీకు నేనుండాను." ఎట్లు పోయినాడో ప్రాయమును బట్టి, అడిగినంత మేరకు, అబద్ధము లేకుండ చెప్పవచ్చును, కంటికి కట్టునట్లు వర్ణింపరాదు. ఆ పిదప పరామర్శకు వచ్చు పెద్దమనుష్యుల యెదుట, కెమెరాల యెదుట, బిడ్డను నిలువబెట్టి "మీ నాయన ఎట్ల పోయినాడు చెప్పు" అనుట క్రూరత్వము. అది తెలియక చేయుచున్నారని సరిపెట్టుకొనుటకు నాకు మనసొప్పదు. వచ్చినవారిని వాకిట కూర్చుండబెట్టి, బిడ్డను పొరుగింటికి పంపు హక్కు ఆ యింటివారికి కలదు.

బిడ్డ తానై చెప్పుటకు మొదలిడినప్పుడు మాత్రము ఆపరాదు, పొడిగింపరాదు, న్యాయవాది వలె ప్రశ్నింపరాదు. అతడు బొమ్మ గీసినను, ఆటలో శవమును మోసినను "ఛీ, అపశకునం" అని కసరరాదు. పిల్లలకు దుఃఖము ఆటయందే బయటపడును. దేహమునకు సంబంధించి ఎవరైన తప్పుగ ప్రవర్తించిరని బిడ్డ చెప్పినచో, ముందుగ నమ్మవలెను, "మంచి పని చేసినావు చెప్పి" అనవలెను. అట్టి సంగతి తెలిసినవారు పోలీసులకు తెలుపుట 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము విధి, ఇంటి పరువు అడ్డు రాదగినది కాదు. పిల్లల రక్షణకై 1098 సంఖ్యకు ఎవరైనను ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ అను ప్రభుత్వ సేవకు 14416 సంఖ్యను పిలిచినచో తెలుగులో మానసిక సలహా లభించును. నెల గడిచినను నిద్ర కుదురుకొననప్పుడు, బిడ్డ మాటలాడుట మానినప్పుడు, తన్ను తాను కొట్టుకొనునప్పుడు, చావును గూర్చి మరల మరల పలుకునప్పుడు వైద్యుని చూడవలెను. హిందూపురమునకు వంద కిలోమీటర్ల చేరువలోనున్న బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థయందు పిల్లల మానసిక వైద్యమునకు ప్రత్యేక విభాగము గలదు. తల్లిదండ్రులు పని వెదకి పోవు నగరమే అది గనుక, వారు సెలవు దినమున బిడ్డను రప్పించుకొని చూపించుట అసాధ్యము కాదు.

తుదకు ముంగారు మేఘములు పట్టి తల్లిదండ్రులు ఊరు చేరుదురు. సంచిలో బొమ్మలు, క్రొత్త చొక్కా. బిడ్డ పరుగెత్తి రాడు. అవ్వ వెనుక దాగును, లేక వచ్చినవారిని చూడనట్లు గోలీలాడుకొనును. తల్లి కన్నీరు పెట్టుకొని "నన్ను మరిచిపోయినాడు" అనును. తండ్రికి కోపము వచ్చి "రారా" యని చేయి పట్టి లాగును. మరచినవాడు దాగడు. ఎంత నమ్మవచ్చునో లెక్క చూచుకొనుచున్నవాడు దాగును. కావున పట్టి లాగక, ముద్దులకు బలవంతపెట్టక, తల్లి అతని కంటికి ఆను చోట కూర్చుండి బియ్యమేరుకొనుచు, అవ్వతో మాటలాడుచు నుండవలెను. అతడు వచ్చి ఒక వడ్లగింజను ఏరి యిచ్చినచో తీసికొనవలెను. రాత్రి పడక మొదటి దినములలో అవ్వ యొద్దనే సాగనిచ్చి, మెల్లగా మార్చవలెను. కొన్ని దినముల పిదప అతడు తల్లిపై అలిగి, అరచి, కొట్టవచ్చిన యెడల భయపడవలసిన పని లేదు. ఆరు నెలల కోపమును చూపదగిన మనిషి తిరిగి వచ్చినదని అతనికి తోచినది. చేయి పట్టి ఆపి, "నీకు కోపమొచ్చింది, చెప్పకుండ పోయినా కదా" అని ఆమె యనినచో, మరుసటి వలసకు ఏ పండుగ గడువు చెప్పవలెనో ఇద్దరును కూడి నిర్ణయించుకొనుటకు అదియే తగిన సమయము.